లలితాంబ గారిని కాదన్న గురువారం

టొరంటో నార్త్ యార్క్‌లో మా ఆఫీసు వీడియో మీటింగుల్లో అందరూ బుద్ధిమంతులే. మాట్లాడటం అయిపోగానే ఎవరి మైకు వాళ్లు మ్యూట్ చేసుకుంటారు. మొన్న మంగళవారం మాత్రం ఎవరో మరిచిపోయారు. మా మేనేజరు వచ్చే మూడు నెలల పనుల జాబితా చదువుతుంటే వెనకాల టింగు టింగుమని స్టీలు గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు. పింగాణీ కప్పు కాదు, గాజు గ్లాసూ కాదు, అచ్చంగా స్టీలు గ్లాసే. ఆ తేడా నా చెవికి బాగా తెలుసు. రెండేళ్లపాటు ప్రతి గురువారం సాయంత్రం ఆ చప్పుడు పక్కనే కూర్చున్నాను. మిరియాల పాలలో అడుక్కి దిగిన పొడిని తిప్పుతూ, ఆ మోత పదిహేను మంది చెవుల్లో పడుతోందన్న స్పృహే లేకుండా, దేవుడి గురించి మాట్లాడే పెద్దావిడ ఒకరు గుర్తొచ్చి పైకే నవ్వేశాను. నా మైకూ తెరిచే ఉందని మేనేజరు "స్రవంతీ" అని పిలిచాకే తెలిసింది. ఏం లేదండీ, ఒకరు గుర్తొచ్చారన్నాను. ఆయన మర్యాదగా తలూపి జాబితాలోకి వెళ్లిపోయారు. ఆయనకు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

ఆవిడ పేరు డాక్టర్ లలితాంబ. బాపట్ల వైపు మనిషి. కెనడా తూర్పు తీరాన హాలిఫాక్స్‌లో నలభై ఏళ్లు పిల్లల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను కరీంనగర్ నుంచి మాస్టర్స్ చదవడానికి అక్కడికి వెళ్లిన ఏడాది ఏ బస్సెక్కినా తెలుగు వినిపించేది, మనవాళ్లు అంతమంది ఒక్కసారిగా దిగారు. గది దొరకడం కష్టం, పార్ట్‌టైమ్ పని దొరకడం మరీ కష్టం. ఐదుగురం ఆడపిల్లలం రెండు గదుల్లో సర్దుకుని, వంతులవారీగా వండుకునేవాళ్లం. నా వంతు వచ్చిన రోజు మిగతా నలుగురికీ ఎందుకో ఆకలి ఉండేది కాదు. అలాంటి రోజుల్లో యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. గురువారం సాయంత్రాలు జరిగే ఆన్‌లైన్ చర్చా సమావేశానికి కంప్యూటర్ తెలిసిన వాలంటీరు కావాలి, ఇంటి భోజనం పెడతాం అని ఇంగ్లీషులో ఉంది. అడుగున చేత్తో తెలుగులో "పప్పు, కూర, చారు" అని రాసి ఉంది. ఎవరి సమావేశమో, దేని మీద చర్చో నేను చదవనే లేదు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.

ఆ సమావేశాలు నడిపేది కొండవాలు మీద చిన్న చెక్క భవనంలో ఉండే ఒక సంఘం. చూడటానికి చర్చిలాగే ఉంటుంది. కానీ ఏ దేవుణ్ని నమ్మేవాళ్లయినా, ఏ దేవుణ్నీ నమ్మనివాళ్లయినా లోపలికి వెళ్లి కూర్చోవచ్చు. కోవిడ్ రోజుల్లో వాళ్ల గురువారం చర్చ ఆన్‌లైన్‌కి మారింది. మంచులో బయటికి రాలేని పెద్దవాళ్లకూ, దూరంగా సముద్రపు ఒడ్డు పల్లెల్లో ఉండేవాళ్లకూ అదే బాగుందనిపించి, కోవిడ్ తగ్గాక కూడా అలాగే ఉంచేశారు. దాన్ని లలితాంబ గారు తన భోజనాల బల్ల దగ్గర కూర్చుని నడిపేవారు. ఆ బల్లకు ఒక కొసన ల్యాప్‌టాప్, ఇంకో కొసన అన్నం గిన్నె. నా పని ఆ రెంటి మధ్యా.

మొదటి రోజు తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూశారు. "కంప్యూటర్ తెలుసు, సరే. ఎదుటివాళ్లని కాదనడం వచ్చా అమ్మాయ్?" అన్నారు.

"రాదండీ డాక్టర్ గారూ. మా ఇంట్ల నన్ను మంచిపిల్ల అంటరు."

"అయ్యో పాపం" అన్నారు, నిజంగానే జాలిగా. "ముందు ఆంటీ అను. డాక్టరు గారంటే నీ గొంతు చూడాలనిపిస్తుంది."

అమ్మకు ఫోన్లో సంగతి చెబితే కంగారు పడింది. మతం మార్చేవాళ్లేమోనని అనుమానం. పక్కనే ఉండి విన్న ఆంటీ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. "మీ అమ్మాయి చేత కాకరకాయ కూర తినిపించలేకపోతున్నానండీ, మతమేం మారుస్తాను?" అన్నారు. అమ్మ నవ్వింది. ఆ తర్వాత నాకంటే ఆవిడతోనే ఎక్కువ మాట్లాడేది. ఆంటీ పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టుకునేవారు, ఆదివారం ఆ సంఘానికి వెళ్లేవారు. రెండూ ఎట్లా కుదురుతాయని ఒకసారి అడిగాను. "పొద్దున నేను చెప్పుకుంటాను, ఆయన వింటాడు. ఆదివారం వాళ్లు చెప్పుకుంటారు, నేను వింటాను. ఎప్పుడూ నేనే చెప్పుకుంటూ పోతే ఆయనకి విసుగు రాదూ?" అన్నారు.

గురువారం చర్చకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి మాటనైనా కాదనాలంటే, ముందు ఆ మాటను నీ నోటితో తిరిగి చెప్పాలి. నువ్వు చెప్పింది విని ఆ మనిషి "అవును, అదే నేనన్నది" అనాలి. అప్పుడు గానీ నీ అభ్యంతరం చెప్పడానికి వీల్లేదు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. నా మూడో వారంలోనే కుక్కలకు ఆత్మ ఉంటుందా లేదా అన్న చర్చ వచ్చింది. గార్డన్ అని, ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైన పెద్దాయన, లేదన్న ఒక టీచరమ్మ మాటను తిరిగి చెప్పడానికి ఇరవై ఐదు నిమిషాలు తంటాలు పడ్డాడు. చెప్పిన ప్రతిసారీ ఆవిడ "కాదు, నేనలా అనలేదు" అంటుంది. చివరికి ఆవిడ అవునన్నాక, తను ఏ అభ్యంతరం చెప్పాలనుకున్నాడో గార్డన్ మరిచిపోయాడు. అందరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం, ఇంత చదువుకున్నవాళ్లకు ఇదేం కాలక్షేపమో అనుకున్నాను. నా వంతు వచ్చినప్పుడల్లా "పాస్" అనేదాన్ని. అలా అనే హక్కు కూడా ఆ పద్ధతిలోనే ఉంది, నేను దాన్ని అరిగిపోయేదాకా వాడుకున్నాను.

ఇక నా నిర్వాకం చెప్పాలి. ఆ వారం విషయం, మంచి కోసం అబద్ధం చెప్పొచ్చా అని. ఆంటీయే మొదలుపెట్టారు. జబ్బుపడిన పిల్లల తల్లిదండ్రులకు తను చాలాసార్లు నిజం మొత్తం చెప్పలేదని, కొంచెం మెత్తగా, కొంచెం తగ్గించి చెప్పానని, దాన్ని దయ అనే అనుకుంటానని అన్నారు. అనడం పూర్తవుతుండగానే గార్డన్ అందుకున్నాడు. తిరిగి చెప్పడం లేదు, ఏమీ లేదు. "మీరు చెప్పేది తప్పు డాక్టర్. శుద్ధ తప్పు. మీ డాక్టర్లందరూ ఇంతే" అన్నాడు. ముఖం కందిపోయింది, గొంతు లేచింది. ఆయన మాటలు ఇంగ్లీషువి, నేను నా తెలుగులో చెబుతున్నాను. కానీ ఆ గొంతు ఏ భాషలోనైనా ఒకటే.

నా చెయ్యి దానంతటదే కదిలింది. మా బడిలో టీచరును ఎవరైనా అలా అంటే క్లాసంతా వాడిని కూర్చోబెట్టేసేది. అన్నం పెడుతున్న పెద్దమనిషిని, అదీ ఆవిడ ఇంట్లో, ఆవిడ బల్ల మీద తప్పంటాడా? గార్డన్ మైకు మ్యూట్ చేసేశాను. అంతకుముందు వారం ఒకరింట్లో కుక్క అరిచిందని, ఎవరి మైకు వాళ్లు తెరుచుకోకుండా కట్టడి కూడా నేనే పెట్టి ఉంచాను. పాపం ఆయన కాసేపు అలాగే మాట్లాడాడు. పెదాలు కదులుతున్నాయి, చేతులు ఊగుతున్నాయి, మాట మాత్రం లేదు. తర్వాత తన స్క్రీన్ మీద ఏదో చదివినట్టు ఆగిపోయాడు. ఒక్క క్షణం మా వైపే చూసి వెళ్లిపోయాడు. పాలు తిప్పుకుంటున్న ఆంటీ తలెత్తి "ఏమైంది?" అన్నారు. "కనెక్షన్ పోయినట్టుందాంటీ" అన్నాను. మంచి కోసం అబద్ధం మీద చర్చ నడుస్తుండగానే ఒకటి ఆడేశానని అప్పుడు నాకు తోచను కూడా లేదు.

తర్వాతి గురువారం గార్డన్ రాలేదు. ఆపై గురువారం కూడా రాలేదు. ఆంటీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ రోజు గిన్నెలు కడుగుతూ ఆవిడ తనలో తను అనుకున్నట్టుగా అన్నారు. "వాళ్లావిడ పోయి ఏడాది కాలేదు. పిల్లల్లేరు. వారం మొత్తం మీద ఆ మనిషి నాలుగు మాటలు వరసగా మాట్లాడేది గురువారమే. అదీ మానేశాడంటే ఒంట్లో బాగుండలేదేమో."

తుడుస్తున్న పళ్లెం నా చేతిలో ఉండిపోయింది. "ఒంట్ల బాగనే ఉండొచ్చాంటీ. ఆ రోజు కనెక్షన్ పోలేదు. నేనే మ్యూట్ చేసిన" అన్నాను.

ఆవిడ కొళాయి కట్టేశారు. అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. "ఏం చెప్పబోయాడో నీకేమైనా వినపడిందా?" అన్నారు.

"లేదాంటీ."

"నాకూ వినపడలేదు. నా గురించి చెప్పబోయింది నాకే వినపడకుండా చేశావు కదే." మళ్లీ కొళాయి తిప్పి, కడిగిన గిన్నెనే ఇంకోసారి కడిగారు. "శనివారం ఖాళీ ఉంచుకో. అవతలి ఒడ్డున గార్డన్ ఇంటికి వెళ్దాం."

శనివారం పొద్దున హార్బరు దాటే ఫెర్రీ పడవ ఎక్కాం. చీర మీద పెద్ద చలికోటు, కాళ్లకు మంచు బూట్లు, ఒళ్లో పులిహోర డబ్బా. ఆవిడను చూసి పక్క సీటు పాప కళ్లార్పలేదు. నేను దారంతా క్షమాపణ వాక్యాలు ఇంగ్లీషులో కూడబలుక్కున్నాను. గార్డన్ తలుపు తీయగానే అవన్నీ ఎటో పోయి "నేనే చేశాను, సారీ" అన్న ముక్కే మిగిలింది. ఆయన తలుపు బార్లా తెరిచాడు. "మా ఎలెన్ నలభై ఏళ్లు ఏ బటనూ లేకుండా నన్ను మ్యూట్ చేసింది. నువ్వు రెండోదానివి. లోపలికి రండి, చలి" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ తర్వాత కాఫీ కలుపుతూ, మా వైపు తిరగకుండా, ఇంకో మాట అన్నాడు. వాగుడు ఎక్కువైందని అందరూ కలిసే తనను తీసేశారనుకున్నాడట.

వంటింట్లో చిన్న బల్ల చుట్టూ ముగ్గురం కూర్చున్నాం. పులిహోరను ఫోర్కుతో తింటూ, కరివేపాకు తినాలా తీసేయాలా అని అడిగాడు. ఆంటీ తినాలన్నారు. నేనేమో మనసులో వద్దనుకుని, పైకి తలూపాను. పళ్లెం ఖాళీ అయ్యాక ఆంటీ అడిగారు. "ఆ రోజు మీరు పూర్తి చేయనిది ఇప్పుడు చెప్పండి గార్డన్. నేను వినడానికే వచ్చాను."

ఆయన చెప్పాడు. ఎలెన్‌ను చూసిన డాక్టరు చివరిదాకా "కొంచెం మెరుగ్గానే ఉంది" అంటూ వచ్చిందట. ఆ మాట నమ్మి ఇద్దరూ మూడు వారాలు పెరటి కంచెకు ఏ రంగు వేయాలా అని మాట్లాడుకున్నారట. "కంచె గురించి డాక్టర్! మూడు వారాలు! నేను అడగాల్సినవి వేరే ఉన్నాయి" అన్నాడు.

ఆంటీ పద్ధతి ప్రకారం తిరిగి చెప్పారు. వైద్యులు సకాలంలో సమాచారం ఇవ్వలేదని మీ అభిప్రాయం, అన్నారు. గార్డన్ అడ్డంగా తలూపాడు. ఆవిడ కళ్లు మూసుకున్నారు. మళ్లీ మొదలుపెట్టారు. "మీ ఇద్దరికీ మూడు వారాలు మిగిలాయి. నాలాంటి డాక్టరొకావిడ, దయ చూపిస్తున్నాననుకుని, వాటిని మీ చేతుల్లోంచి తీసేసుకుంది."

"అవును. అదే నేనన్నది" అన్నాడు గార్డన్. లేచి పెరట్లోకి వెళ్లి ముక్కు చీదుకుని వచ్చాడు. ఆ ఇరవై ఐదు నిమిషాల కుక్కల చర్చ ఎందుకో నాకు ఆ వంటింట్లో తెలిసింది. వచ్చే గురువారం వస్తానని ఆయన మాటిచ్చాడు. తిరుగు ఫెర్రీలో, దిగేముందు, ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు.

ఆ గురువారం గార్డన్ మొహం స్క్రీన్ మీదికి రాగానే అందరూ చేతులూపారు. ఇన్నాళ్లూ ఏమయ్యారని ఎవరో అడిగారు. ఆయన నోరు తెరిచేలోపే ఆంటీ చెంచా తిప్పుతూ అందుకున్నారు. "చిన్న టెక్నికల్ సమస్య. సరిచేశాం. ఇక మొదలుపెడదామా?"

గార్డన్ తల దించుకుని తన కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. ఆంటీ నన్ను కాపాడుతున్నారని అర్థమైంది. నేను ఊరుకుంటే సరిపోతుంది. కానీ ఆయన నోటి దాకా వచ్చిన మాటను ఈ ఇంట్లోంచి ఇంకోసారి నొక్కేస్తున్నామని కూడా అర్థమైంది. నోరు విప్పితే ఆంటీ అందరి ముందూ అబద్ధమాడినట్టు తేలుతుంది. ఆ ఊళ్లో నాకున్న ఒకే ఒక్క ఇల్లు అది. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఎగిరిపోయి, తెలుగులోనే గట్టిగా అన్నాను.

"కాదాంటీ. మీరు చెప్పింది తప్పు."

చెంచా ఆగిపోయింది. స్క్రీన్ మీద పదిహేను మందీ మమ్మల్నే చూస్తున్నారు. ఒక్కరికీ మాట అర్థం కాలేదు, విషయం మాత్రం అందరికీ అర్థమైంది. ఆంటీ నా వైపు చూశారు, పద్ధతి గుర్తొచ్చినట్టు గొంతు సవరించుకున్నారు. నేను చెప్పింది ఇప్పుడు ఆవిడే ఇంగ్లీషులో అందరికీ తిరిగి చెప్పాలి. అంటే తన మీద ఫిర్యాదును తనే అనువాదం చేసుకోవాలి. "స్రవంతి ఏమంటోందంటే, ఆ రోజు కంగారులో తన వల్ల ఏదో పొరపాటు జరిగిందని" అన్నారు.

"కాదాంటీ. పొరపాటు కాదు. మీ మాటకు అడ్డం చెప్తున్నడని కావాలనే చేసిన."

"నా మీద గౌరవం కొద్దీ మైకు ఆపానంటోంది."

"గౌరవం గూడ కాదు. భయం. మిమ్మల్ని ఎవరన్న ఏమన్న అంటే నేనేడ కూసోవాల్నో తెలవలే. ఇప్పుడు మీరు నా కోసం అబద్ధం చెప్తున్నరు. గార్డన్ గారికి అప్పుడు అయ్యిందే మళ్ల అయితుంది."

ఆవిడ చెంచా తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత తలెత్తి, ఒక్కో మాటా విడమరిచి, ఇంగ్లీషులో చెప్పారు. "స్రవంతి అంటున్నదిది. గార్డన్ మైకును తను కావాలనే ఆపింది, భయపడి. ఆ సంగతి తెలిసి కూడా నేను ఇప్పుడు మీ అందరికీ అబద్ధం చెప్పాను. ఆ అబద్ధంతో గార్డన్ నోరు ఇంకోసారి మూశాను." నా వైపు తిరిగి తెలుగులో "అంతేనా?" అన్నారు.

"అవునాంటీ. అదే నేనన్నది."

నాకు అభ్యంతరం చెప్పే పని మిగల్లేదు, అంతా ఆవిడే చెప్పేశారు. స్క్రీన్ మీద గార్డన్ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. మైకు తెరవడం మరిచిపోవడంతో చప్పుడు మాత్రం లేదు. మిగతా అందరూ ఒకేసారి "మ్యూట్! మ్యూట్!" అని అరిచారు. అంత నవ్వు ఆ బల్ల ఎప్పుడూ విని ఉండదు. ఆ తర్వాత గార్డన్ కంచె కథ మొత్తం చెప్పాడు, అందరూ విన్నారు.

సమావేశం ముగిశాక ఆంటీ నా పళ్లెంలో రెండు గరిటెల పప్పు వేశారు. నేను తల దించుకుని ఉన్నాను. "నిన్ను కాపాడదామనుకున్నానే. నలభై ఏళ్ల అలవాటు. అతని వంటింట్లో కూర్చుని విని కూడా పోలేదు, చూడు" అన్నారు. తర్వాత ఆవిడ మొహం వెలిగింది. "ఈ బల్ల దగ్గర నన్ను తెలుగులో కాదన్న మొదటి మనిషివి నువ్వే. ఎంత బాగుందో! ఇంకేమైనా ఉంటే అది కూడా చెప్పెయ్."

"పప్పుల ఉప్పు తక్కువైతది ఆంటీ. మొదటి రోజు నుంచీ."

ఆవిడ నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పప్పులో ఉప్పు మాత్రం పెరగలేదు. బీపీ ఉన్న మనిషి, ఆ విషయంలో డాక్టరే గెలిచింది.

ఆ తర్వాత "పాస్" అన్న మాట నేను మళ్లీ వాడలేదు. క్లాసులో నోరు పెగిలింది, ఇంటర్వ్యూల్లో పెగిలింది, టొరంటోలో ఉద్యోగం వచ్చింది. బయలుదేరే రోజు ఆంటీ ఊరగాయ సీసాలు బట్టల మధ్య సర్దుతూ "ఇక నీకు నా అవసరం లేదులే" అన్నారు. ట్యాక్సీ బయట ఆగి ఉంది. తొందరలో ఆ మాటకు బదులివ్వలేదు.

పోయిన శీతాకాలం ఆవిడ నిద్రలోనే వెళ్లిపోయారు. సంఘం వాళ్లు సంతాప సభను గురువారమే, ఆన్‌లైన్‌లోనే పెట్టి, నడపమని నన్ను అడిగారు. వందకు పైగా మొహాలు, అందులో ఆవిడ చూసిన పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. ఒక్కరి మైకు కూడా నేను ఆపలేదు. కుక్కలు అరిచాయి, పసిపిల్లలు ఏడ్చారు. ఎవరో ఆవిడ జీవితంలో తప్పు మాట అనలేదన్నారు. గార్డన్ వెంటనే చెయ్యెత్తి, పద్ధతిగా ఆ మాటను తిరిగి చెప్పి, అవుననిపించుకుని, "నేను ఒప్పుకోను. బోలెడన్ని అన్నారు. ఒప్పుకున్నారు కూడా" అన్నాడు. అంతమందీ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు.

అప్పుడు నేను చెయ్యెత్తాను. ఆవిడ నాతో అన్న ఒక మాట తప్పని, ఆ రోజు చెప్పలేకపోయానని, నాకిక తన అవసరం లేదని అన్నారని చెప్పాను. ఆపైన మాట రాలేదు. పద్ధతి ప్రకారం నా అభ్యంతరాన్ని తిరిగి చెప్పాల్సిన ఆంటీయే లేరు. స్క్రీన్ మీద ఓ మూలనున్న చిన్న గడిలోంచి గార్డన్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"స్రవంతి అంటున్నదిది. లలిత అవసరం తనకు ఇంకా ఉంది. రోజూ ఉంది. అంతేనా అమ్మాయ్?"

అవునన్నాను.